పిల్లలకు హాస్య పద్యం రుచి చూపించడానికి వేమన పద్యానికి పేరడీ కట్టించవచ్చునా?

గ్రంథాలయ మిత్రుడు (తెనాలి):

అందరికీ నమస్కారం. మా గ్రంథాలయంలో ఆదివారం పూట మూడో తరగతి నుంచి ఏడో తరగతి వరకు చదివే పిల్లలు కొందరు చేరతారు. గిడుగు రామమూర్తి గారి జయంతి అయిన ఆగస్టు 29న జరుపుకొనే తెలుగు భాషా దినోత్సవంలో ఈసారి వారి చేత అప్పజెప్పించే నీతి పద్యాలకు బదులు, వారే కట్టిన నవ్వుల పద్యాలు చదివించాలని అనుకున్నాను. పద్యం అనగానే పరీక్షలో ప్రతిపదార్థమే గుర్తుకు వచ్చే పిల్లలకు అందులో నవ్వు కూడా ఉంటుందని తెలియాలంటే పేరడీని మించిన దారి నాకు కనబడలేదు. వేమన పద్యం నడక అందరి చెవుల్లోనూ ఉన్నదే కనుక చివరి పాదాన్ని అలాగే ఉంచి, పై మూడు పాదాలనూ వారికే వదిలేశాను. గురువు, లఘువు అనే పేర్లు ఎత్తకుండా, బరువైన అక్షరానికి చప్పట, తేలికైన అక్షరానికి చిటికె అని ఆటగా చెప్పాను. ఐదో తరగతి చదివే ఒక అమ్మాయి, అక్కడక్కడ నేను చేయి వేయగా, కట్టిన పద్యం ఇది:

ఇడ్లి మెత్తనైన నిష్టమే యనవచ్చు
పూరి పొంగెనేని పొంగు మనసు
ఉప్మ చూడగానె యూరు విడుచు నన్న
విశ్వదాభిరామ వినుర వేమ

మొదట ఆ అమ్మాయి "ఉప్మా చూడగానె" అని చదివింది. ఒక చప్పట, ఒక చిటికె పడవలసిన చోట రెండు చప్పట్లు పడేసరికి పక్కనున్న పిల్లలే "తప్పింది, తప్పింది" అని అరిచారు. "మా"ను "మ"గా కుదించమని నేను చెప్పనక్కరలేకపోయింది. సూర్యగణం (ఒక చప్పట, ఒక చిటికె గానీ, మూడు చిటికెలు గానీ ఉండే గణం) అంటే ఏమిటో ఆ పిల్లలకు తెలియదు, కానీ అది తప్పినప్పుడు మాత్రం వారికి తెలిసిపోయింది.

అయితే అక్కడ పత్రికలు చదువుకొనేందుకు వచ్చిన పెద్దాయన ఒకరు, ఇది వేమనను ఎగతాళి చేయడమేనని, పసితనంలోనే పిల్లలకు మన కవుల మీద చులకన నేర్పుతున్నామని గట్టిగా అన్నారు. కొందరు తల్లిదండ్రులు కూడా ఆయన మాటకే మొగ్గు చూపారు. పేరడీతో మొదలుపెట్టడం సరైనదేనని నా నమ్మకం. ఈ విషయంలో అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పద్యప్రియ (రాజమహేంద్రవరం):

మిత్రమా, చప్పట చిటికెల ఆట చాలా బాగుంది. తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న నేను మనస్ఫూర్తిగా ఆ మాట అంటున్నాను. నా అభ్యంతరం పేరడీ మీద కాదు, దానిని మొదటి మెట్టు చేయడం మీద. పేరడీ మూలం తెలిసినవాడు నవ్వే నవ్వు. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి గారి పేరడీలు అంతగా పేలాయంటే, ఆయన ఎవరి శైలిని అనుకరించారో ఆ కవులను పాఠకులు అప్పటికే చదివి ఉండడమే అందుకు కారణం. మీ పిల్లల్లో ఎంతమందికి వేమన పద్యాలు పదైనా వచ్చు? "తలలు బోడులైన తలపులు బోడులా" అన్న వేమన స్వయంగా ఎంత వ్యంగ్యం తెలిసినవాడో వారికి ముందు తెలియనివ్వండి. ఉప్మా ముందు వచ్చి వేమన తరువాత వస్తే, ఆ మకుటం వినబడినప్పుడల్లా పిల్లవాడికి ఉప్మాయే గుర్తుకు వస్తుంది.

పైగా మన దగ్గర అసలు హాస్యానికే కొరత లేదు. పల్నాటిలో తాగడానికి నీళ్లు దొరక్క శ్రీనాథుడు శివుణ్ణి నిలదీసినట్లుగా చెప్పే చాటు పద్యం చూడండి:

సిరిగలవానికి జెల్లును
దరుణుల పదియారువేల దగ బెండ్లాడన్
దిరిపెమున కిద్దరాండ్రా
పరమేశా గంగ విడుము పార్వతి చాలున్

బిచ్చమెత్తుకొనేవాడికి ఇద్దరు భార్యలు ఎందుకయ్యా, గంగను వదిలిపెట్టు, మాకు నీళ్లన్నా దొరుకుతాయి అని దేవుడికే సలహా ఇవ్వడంలో ఉన్న చమత్కారాన్ని పిల్లలకు అందించకుండా, టిఫిన్ల దగ్గర ఆపడం నాకు బాధ కలిగిస్తోంది.

పలక బలపం (కరీంనగర్):

పద్యప్రియ గారికి నమస్కారాలు. నేను ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతాను. మీరు ఉదహరించిన పద్యాన్నే మా ఐదో తరగతిలో చదివాను. మొదటి ప్రశ్న "ఇద్దరు పెండ్లాలు ఏంది టీచర్?" అని వచ్చింది. రెండవది "తిరిపెం అంటే?" అని. గంగ శివుడి తలమీద ఎందుకున్నదో, పదహారు వేలమంది ఎవరో, పల్నాటిలో నీళ్లకు కరువెందుకో చెప్పేసరికి గంట కొట్టారు. పిల్లలు శ్రద్ధగానే విన్నారు గానీ ఎవరూ నవ్వలేదు. విడమరచి చెప్పిన తరువాత మంచి పాఠం మిగిలింది, హాస్యం మిగలలేదు. చాటువుల్లో చాలా భాగం పెద్దవారు పెద్దవారి కోసం చెప్పుకొన్నవి. తెనాలి రామకృష్ణుడి పేర చెప్పే "కుంజరయూధంబు దోమ కుత్తుక జొచ్చెన్" అనే సమస్యనే, అంటే పద్యంగా పూరించమని ఇచ్చే విచిత్రమైన పాదాన్నే, తీసుకోండి. ఏనుగుల మంద దోమ గొంతులో దూరిందనే ఆ పాదం పిల్లలకు వెంటనే నచ్చుతుంది. కానీ దానికి ఆయన మొదట చెప్పినట్లు ప్రచారంలో ఉన్న పూరణ నిండా తిట్లే, అందులో ఒక మతం వారిని చులకన చేసే మాట కూడా ఉంది. రాజసభలో చెప్పిన రెండవ పూరణ, విరాటుడి కొలువులో చేరిన పాండవుల గురించినది, చక్కగా ఉంటుంది కనుక నేను దానిని మాత్రమే చెబుతాను.

నా పద్ధతి వేరు. మొదట సమస్యను మాత్రమే పలక మీద రాసి, జవాబును పద్యంలో కాక మామూలు మాటల్లో చెప్పమంటాను. ఏనుగులు దోమ గొంతులోకి ఎలా పోయాయి? కల వచ్చిందనీ, సినిమాలో చూశామనీ చాలామంది చెప్పారు. మూడో తరగతి పాప ఒకతె, "దోమ బొమ్మ లెక్క కుట్టిన సంచిల నా ఏనుగు బొమ్మలన్నీ పెట్టిన" అన్నది. అసాధ్యమనిపించే మాటను సాధ్యం చేసి చూపడమే సమస్యాపూరణమైతే, ఆ పాప ఛందస్సు లేకుండానే పూరణ చేసినట్లు కాదా?

ఇంకొకటి దత్తపది. అవధానంలో పృచ్ఛకుడు నాలుగు మాటలు ఇచ్చి, వాటిని వేరే అర్థంలో పద్యంలో పొదగమంటాడు కదా. మేము వడ, పూరి, దోసె అని ఇచ్చి, తినే వస్తువు మాత్రం రాకూడదు అన్నాము. మొదట అందరూ బిక్కముఖం వేశారు. తరువాత ఒకరికి "వడగళ్లు" తట్టింది, ఇంకొకరికి "పూరిపాక", కాసేపటికి వెనుక బెంచీ నుంచి "దోసెడు" వచ్చింది. "వడగళ్లు పడి పూరిపాక కారితే తాత దోసెడు మంచు ముక్కలు ఏరుకున్నాడు" అని ముగ్గురూ కలిసి వాక్యం అల్లారు. తెలుగు మాట లోపల ఇంకో తెలుగు మాట దాగి ఉంటుందని తెలిసిన రోజున పిల్లలకు కలిగే ఆనందం చూడవలసిందే. మరీ చిన్నవారికైతే "కాకీక కాకికి కాక కేకికా" చాలు. నాలుక తడబడి వాళ్లంతట వాళ్లే నవ్వుతారు.

కాబట్టి మొదట పేరడీనా, చాటువా అన్న ప్రశ్నకు నా సమాధానం రెండూ కాదని. ముందు మాటతో ఆట, ఆ తరువాత పద్యం.

ఇద్దరు పిల్లల తల్లి (విశాఖపట్నం):

ఇక్కడ అందరూ పద్యం గురించే మాట్లాడుతున్నారు, పద్యంలో ఎవరిని చూసి నవ్వుతున్నారన్నది కూడా చర్చకు రావాలని నా విన్నపం. మా పెద్దవాడి తరగతిలో ఇలాగే నవ్వుల పద్యాలు రాయమన్నారు. ఎవరో మావాడి లావు మీద రెండు పాదాలు కట్టారు. ప్రాస బాగా కుదిరిందని అందరూ చప్పట్లు కొట్టారు. మామూలుగా అన్న వెక్కిరింత రెండు రోజుల్లో మరచిపోతారేమో గానీ, ప్రాస కుదిరినది నోటికి అంటుకుపోతుంది. ఆ విద్యా సంవత్సరం ముగిసేదాకా ఆటస్థలంలో అవే రెండు పాదాలు వాడి వెంటపడ్డాయి. వాడు ఇప్పటికీ తెలుగు పద్యం అంటే వినడానికి ఇష్టపడడు. రంగు, లావు, నత్తి, ఇంటిపేరు, కులం, నాన్న చేసే పని, వీటిలో దేనిమీదా పద్యం కట్టకూడదని మొదటి రోజే స్పష్టంగా చెప్పకుండా ఈ ఆట మొదలుపెట్టవద్దని వేడుకొంటున్నాను.

గ్రంథాలయ మిత్రుడు:

అమ్మా, మీ మాటను తప్పక పాటిస్తాను. తన మీదా, తిండి మీదా, వస్తువుల మీదా, జంతువుల మీదా మాత్రమే రాయాలన్న నియమం గోడమీద రాసి పెడతాను. అన్న మీద రాసిన అమ్మాయి కూడా ముందుగా ఆ అన్న దగ్గర అనుమతి తీసుకొన్నదని తెలియజేస్తున్నాను.

పద్యప్రియ గారూ, మూలం తెలిశాకే పేరడీ అన్న మీ నియమం పెద్దవారి విషయంలో నూటికి నూరుపాళ్లూ సరైనది. కానీ పిల్లలు పోలికతో నేర్చుకొంటారు. ఉప్మా పద్యం విన్న తరువాతి వారం ఇద్దరు పిల్లలు వేమన పద్యాల పుస్తకం అడిగి తీసుకొని వెళ్లారు. ఎందుకమ్మా అని అడిగితే, ఇంకా ఏయే పాదాలు మార్చవచ్చో చూడడానికి అన్నారు. మార్చడానికే చదివినా చదివినట్లే కదండీ. సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన నాటి నుంచి ఇన్ని ముద్రణలు చూసిన వేమనకు పదేళ్ల పాప చేతిలో హాని జరుగుతుందని నేను అనుకోను.

డల్లాస్ వారాంతపు బడి:

అమెరికాలో వారాంతాల్లో తెలుగు నేర్పే స్వచ్ఛంద ఉపాధ్యాయురాలిని. మా పిల్లలకు వేమన నడక చెవిలో లేదు, కనుక పేరడీ ఇక్కడ అసలు పనిచేయదు. పలక బలపం గారు చాటువులను పక్కన పెట్టమన్నారు గానీ, వాటిలో వస్తువు చేతికి అందేవి కొన్ని ఉన్నాయి. పూతన విషం తాగాననీ, కార్చిచ్చు మింగాననీ నిక్కే కృష్ణుణ్ణి, చింతచిగురు వేసి వండిన ఉడుకు బచ్చలి కూరను జొన్నకూటితో ఒక్క ముద్ద దిగమింగు, నీ పస తెలుస్తుంది అని శ్రీనాథుడు సవాలు చేసినట్లు చెప్పే పద్యం ఉంది కదా. ఇండియన్ స్టోర్‌లో బచ్చలి, జొన్నపిండి దొరికాయి, చింతచిగురుకు బదులు చింతపండు వాడాము. పిల్లలు ముందు ఆ ముద్ద తిని ముఖాలు పెట్టారు, ఆ తరువాత పద్యం విన్నారు. ఈసారి వివరణ అవసరం రాలేదు. ఆ తరువాత, తమకు మింగుడుపడని కూర ఏదో చెప్పి కృష్ణుడికి తలా ఒక సవాలు రాయమన్నాము. కాకరకాయకు ఎక్కువ ఓట్లు వచ్చాయి.

పద్యప్రియ:

డల్లాస్ అమ్మాయి చేసిన పని నాకు చాలా సంతోషం కలిగించింది. చాటువు పిల్లలకు అందదన్న వాదానికి అంతకు మించిన సమాధానం నేను ఇవ్వలేను. కరీంనగర్ చెల్లెమ్మ తిట్ల పూరణను వదిలివేయడం కూడా సరైనదే.

గ్రంథాలయ మిత్రుడికి ఒక్క సూచన. ఆటవెలదికి ప్రాస నియమం లేదు, యతి (పాదం మొదటి అక్షరానికీ, పాదం మధ్యలో నియమిత చోట వచ్చే అక్షరానికీ ఉండవలసిన పొత్తు) కుదిరితే చాలు, కనుక పిల్లలకు అది తగిన ఛందమే. దానిని ఉంచి మకుటం మాత్రం మార్చండి. శతకం అన్నాక ప్రతి కవికీ తన మకుటం ఉండాలి. మకుటం సొంతమైతే పద్యం మొత్తం సొంతమవుతుంది. వేమన మకుటంలో ఉన్నవి ఐదు సూర్యగణాలు. అదే కొలతకు ఇది చూడండి: "చిన్ని తెల్ల పిల్లి చెప్పె వినుము". చప్పట చిటికెలు వేసి చూసుకోండి, చివరి మాటకు మూడు చిటికెలు పడతాయి. చి, చె లకు యతి కూడా సరిపోయింది. ప్రతి పిల్లవాడి చేతా తనకిష్టమైన జంతువు మీదనో, సైకిలు మీదనో ఒక మకుటం కట్టించండి. ఆ ఉప్మా పద్యం చివర పిల్లిని పెట్టి చదవండి, నవ్వు ఏమీ తగ్గదు, వేమన జోలికి వెళ్లవలసిన అవసరమూ ఉండదు.

గ్రంథాలయ మిత్రుడు:

సొంత మకుటం ఆలోచన అద్భుతంగా ఉంది, వచ్చే ఆదివారమే చేయిస్తాను. అయితే కొత్తగా చేరే పిల్లలకు నడక పట్టుబడడానికి మొదటి పద్యం మాత్రం వేమన మకుటంతోనే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేకపోతున్నాను.

పలక బలపం:

మాస్టారూ, సొంత మకుటం మా బడిలోనూ చేయిస్తాము. బతుకమ్మ ఆడే పిల్లలకు చప్పట్ల లయ ముందే అలవాటు కనుక గణాలు త్వరగానే పట్టుకొంటారని నా ఆశ. నా అనుమానమల్లా యతి గురించి. చి, చె కలుస్తాయని మీరు తేలికగా అన్నారు గానీ, ఐదో తరగతి పిల్లవాడు యతి కోసం వెదకడం మొదలుపెట్టగానే నవ్వు వచ్చే మాట వదిలేసి, యతి కుదిరే మాట పెడతాడు. మొదటి ఏడాది యతిని పూర్తిగా వదిలేస్తే తప్పా?

పద్యప్రియ:

తప్పని నేను అనను, కానీ పూర్తిగా వదలవద్దమ్మా. యతి కుదిరిన పాదాన్ని ఒకసారి, కుదరని పాదాన్ని ఒకసారి పైకి చదివి, ఏది బాగుందో పిల్లలనే అడగండి. యతి కుదరని పాదమే వారికి ఎక్కువ నవ్వు తెప్పిస్తే, ఆ ఏడాదికి దానినే ఉంచండి.