సమస్య: నీట మునిఁగి చెట్టు నిలిచెఁ బొడిగ

నిర్వాహకుడు: ఈ వారం సమస్యగా ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. మునిగిన చెట్టు తడవకుండా ఎలా నిలిచింది? అద్దమో, ప్రతిబింబమో, ఏది పట్టుకున్నా సరే, చిక్కు మాత్రం విడిపోవాలి.

పాలకొల్లు సభ్యుడు:

పంటకాల్వ గట్టుపక్కనఁ గొబ్బరి
ఆకు లెల్లఁ దోఁచె నద్దమట్లు
గాలి లేని వేళఁ గాల్వలోఁ జూడఁగా
నీట మునిఁగి చెట్టు నిలిచెఁ బొడిగ

నిర్వాహకుడు: యతులు, అంటే పాదంలో అక్షరాల మైత్రి, కుదిరాయి. కానీ ఇందులో అద్దం ఏది? కాల్వ కదండీ! మీ పద్యంలో ఆకులే అద్దమైపోయాయి. పైగా డెల్టాలో పుట్టి కొబ్బరికి ఆకు అంటారా? "మట్ట లగుపడినవి మసక లేక" అనండి. కొబ్బరికీ ఆకుకీ మధ్య మీరు వదిలేసిన యడాగమం (సంధిలో రావాల్సిన "య") గొడవ కూడా తీరిపోతుంది.

పాలకొల్లు: ఒప్పుకున్నాను మాస్టారూ. హైదరాబాద్ నీళ్లు వంటబట్టాయి.

కొత్తపేట సభ్యురాలు:

మూడడుగుల కాల్వ మున్నూరు చెట్లకు
చోటు నిచ్చె నడుగు చూపకుండ
చేప యెగిరినంతఁ జెదరెను నీడలు
నీట మునిఁగి చెట్టు నిలిచెఁ బొడిగ

పాలకొల్లు: నీడ అంటే ఎండకు నేల మీద పడేది. ఇది ప్రతిబింబం కదమ్మా?

కొత్తపేట: బావిలో సింహం ఏం చూసుకుని దూకిందండీ?

నిర్వాహకుడు: నీడకు రెండర్థాలూ ఉన్నాయి, ఆవిడదే పైచేయి. నాకు నచ్చింది మాత్రం "అడుగు". కొలతా అదే, కాల్వ అడుగూ అదే. వస్తువు అద్దానికి ముందు ఎంత దూరంలో ఉంటే, బింబం వెనకాల అంతే దూరంలో కనిపిస్తుంది. నీటి మీద అరవై అడుగులు లేచిన చెట్టు, నీటి కింద అరవై అడుగులు దిగినట్టుంటుంది. కాల్వ లోతు మూడే! చెట్టు చివర ఉన్న బోండాం అందరికంటే లోతున ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని కర్రతో లాగబోయి నేనే పడ్డాను, అది వేరే కథ.

తాళ్లరేవు సభ్యుడు: నీడ లేకుండా ప్రయత్నించాను.

పోటు వచ్చి మునిఁగెఁ బొద్దున మడచెట్టు
మండుటెండవేళ మరలె నీరు
ఉప్పుటేరులోన నొక్కనాఁడే చూడు
నీట మునిఁగి చెట్టు నిలిచెఁ బొడిగ

నిర్వాహకుడు: కోరింగ మడ అడవి కళ్లకు కట్టింది. అయితే సమస్యలో మునగడం, పొడిగా ఉండడం ఒకే క్షణంలో జరగాలి. మీరు పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటలు అరువు తెచ్చుకున్నారు. ఈసారి కొత్తపేట పూరణకే నా ఓటు.

తాళ్లరేవు: సరేనండీ. కానీ వేసవిలో కాలవలకు నీళ్లు కట్టేశాక ఆవిణ్ణి అదే గట్టు మీద నిలబెట్టి మళ్లీ పూరించమనండి.

కొత్తపేట: అప్పుడు "బురద" మీద సమస్య ఇవ్వండి మాస్టారూ, చూసుకుందాం.