ఆసు యంత్రానికి చుట్ల లెక్క తప్పుతోంది, కౌంటర్ ఎట్ల కట్టాలె?

పుట్టపాక మగ్గం:

అందరికి నమస్తే. మాది పుట్టపాక, పాత నల్లగొండ జిల్లా. తేలియా రుమాలుకు 2020ల జీఐ గుర్తింపు వచ్చిన ఊరు. ఇంట్ల రెండు మగ్గాలున్నయి. అమ్మకు భుజం పట్టేసింది, ఇగ ఆసు పోసుడు (నేతకు ముందు పోగును మేకుల మీద చుట్టుడు) ఆమెతోని కాదు. ఒక్క చీరకు మేకుల చుట్టు వేల సార్లు చెయ్యి తిప్పాలె. శారాజిపేట చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ కోసం ఆసు యంత్రం చేసి 2017ల పద్మశ్రీ అందుకున్నరు. ఆయనను తలుచుకునే నేను గూడ చిన్నది కడుతున్న. డిప్లొమా చదివిన, ఐసీలు కొత్త కాదు.

చట్రానికి 40 మేకులు. ఒక్కో మేకుకు 4 చుట్లు పడాలె, ఇంకో డిజైన్‌కు 6. తిరిగే చేతికి అయస్కాంతం పెట్టిన, అది రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్) ముందు నుంచి పోయినప్పుడల్ల ఒక పల్స్ 7490 అనే లెక్కపెట్టే ఐసీకి పోతది. 4 కాంగనే పైకి లేచే దాని క్యూసీ కాలుతోనే దాన్ని సున్నాకు రీసెట్ చేస్తున్న. ఆ రీసెట్ పల్సే రెండో 7490కి క్లాక్ (లెక్కను ముందుకు జరిపే సిగ్నల్). రెండో దాని లెక్క మారితే మోటార్ ఒక మేకు జరుగుతది.

నిన్న రాత్రి బల్బు కింద కూసొని సూదితో పోగులు విడదీసి లెక్క పెట్టిన. పదో మేకు దాక సక్కగ 4. పదకొండో దాని మీద 3. ఇరవై ఆరో మేకు మీద 8! చిటికి కట్టి రంగు అద్దినంక ఇదంత మగ్గం మీద పువ్వు అంచు జరిగి కనబడతది. పట్టు పోగు, పారేసుకునేది కాదు. ఎక్కడ తప్పు చేస్తున్న?

పాలమూరు మాస్టారు:

తమ్ముడూ, సూదితో లెక్కపెట్టి 3, 8 అని విడిగా రాశావు చూడు, సగం జవాబు అందులోనే ఉంది. అవి రెండు వేర్వేరు రోగాలు.

3 పడిందంటే లేని చుట్టును కౌంటర్ లెక్కపెట్టింది. రీడ్ స్విచ్ లోపలి రేకులు తగలగానే ఎగురుతాయి, ఒక్క తాకిడికి రెండు మూడు పల్సులు వస్తాయి. 8 పడిందంటే మొదటి కౌంటర్ 4 దగ్గర రీసెట్ అయింది కానీ రెండోదానికి కబురు అందలేదు. రీసెట్ కాగానే క్యూసీ పడిపోతుంది, అది పడిపోగానే రీసెట్టే పోతుంది. తన ప్రాణం తనే తీసుకునే పల్స్ అది, కొన్ని పదుల నానోసెకన్లు కూడా ఉంటుందో లేదో. దాన్ని క్లాక్‌గా నమ్ముకుంటే ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు.

ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన మాటే నీకూ చెబుతాను. క్లాక్ ఒక్కటే ఉండాలి, అది అన్ని ఐసీలకూ నేరుగా పోవాలి. మిగతావన్నీ ‘ఇప్పుడు లెక్కపెట్టు’ అనే అనుమతులు మాత్రమే. నీ సెన్సర్ క్లాక్ కాదు, అనుమతి.

7490లు పక్కన పెట్టి 74హెచ్‌సీ163 కౌంటర్ ఐసీలు మూడు తీసుకో. 555 టైమర్ ఐసీతో సుమారు 1 కిలోహెర్ట్జ్ క్లాక్ చెయ్యి. రీడ్ స్విచ్‌కు 10 కిలోఓమ్ రెసిస్టర్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, సిగ్నల్‌ను సాఫు చేసి తిరగేసే 74హెచ్‌సీ14 గుండా తీసుకో, రేకుల ఎగురుడు అక్కడే అణుగుతుంది. తర్వాత 74హెచ్‌సీ175లో మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లు (క్లాక్ అంచు మీద ఇన్‌పుట్‌ను పట్టి ఉంచేవి) వరుసగా పెట్టు. మొదటి రెండూ ఎందుకంటే, చెయ్యి ఎప్పుడు తిరుగుతుందో క్లాక్‌కు తెలియదు. సరిగ్గా క్లాక్ అంచు మీదే సిగ్నల్ మారితే మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ అటా ఇటా అని కాసేపు ఊగుతుంది. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఎప్పుడూ కుదురుకునే ఉంటుంది. రెండోదాని క్యూ, మూడోదాని తిరగేసిన క్యూ కలిపి 74హెచ్‌సీ08లో ఆండ్ చేస్తే (రెండూ 1 అయితేనే 1) చుట్టుకు ఒక్కటే, ఒక్క క్లాక్ వెడల్పు పల్స్.

163కు అనుమతి కాళ్లు రెండు, ఈఎన్‌టీ, ఈఎన్‌పీ. ఆ పల్స్‌ను మొదటి 163 ఈఎన్‌టీ కాలుకే ఇవ్వు. ఈఎన్‌పీలన్నీ పైకి, అంటే ప్లస్ సప్లైకి కట్టెయ్. చాలామంది ఇక్కడే జారతారు. స్విచ్‌లతో పెట్టిన అంకెను కౌంటర్‌లోకి ఎక్కించే లోడ్ కాలు అనుమతుల మాట వినదు, ఈఎన్‌పీకి ఇస్తే నాలుగో చుట్టు తిరగకముందే లోడ్ అయిపోతుంది. ఈఎన్‌టీకి ఇస్తే, లెక్క 15కు చేరిందని చెప్పే ఆర్‌సీఓ కాలు కూడా పల్స్ ఉన్నంతసేపే లేస్తుంది. దాన్ని తిరగేసి లోడ్‌కు ఇవ్వు, తిరగేయకుండా మేకుల కౌంటర్ ఈఎన్‌టీకి ఇవ్వు. లెక్క మార్చుకోవడం స్విచ్‌ల పని. ఒక్క 163 పదహారుకు నిండుతుంది కాబట్టి 16లోంచి చుట్లు తీసెయ్. 4కు 12 అంటే 1100, 6కు 10 అంటే 1010. మేకులకు రెండు ఐసీలు, 256లోంచి 40 పోతే 216 అంటే 1101 1000.

జడ్చర్ల కోడర్:

అన్నా, ఇంత తిప్పలెందుకు, ఆర్డుయినో (ప్రోగ్రాం రాసుకునే చిన్న బోర్డు) పెట్టండి. చుట్లు, మేకులు రెండూ ప్రోగ్రాంలో మార్చుకోవచ్చు.

పాలమూరు మాస్టారు:

పెట్టొచ్చు, తప్పేం లేదు. కానీ ఆ రీడ్ స్విచ్‌ను అలాగే ఇంటరప్ట్‌కు ఇస్తే పదకొండో మేకు మీద మళ్లీ 3 పోగులే పడతాయి.

మిర్యాలగూడ మిల్లు:

మా రైస్ మిల్లుల బస్తాల కౌంటర్ కట్టినప్పుడు మోటార్ స్టార్టర్ పడ్డప్పుడల్ల రెండు బస్తాలు ఎక్కువ చూపేది. లారీకాడ హమాలీలతోని లొల్లి. నీ మోటార్ బోర్డుల రిలే ఉంటే కాయిల్‌కు అడ్డంగ 1ఎన్4007 డయోడు తిరగేసి పెట్టు. ప్రతి ఐసీ పక్కన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు, కాళ్లకు ఎంత దగ్గరుంటె అంత మంచిది. మోటార్‌కు సప్లై వేరే ఇయ్యి. పాత డబ్బాలకెల్లి ఎల్‌ఎస్ ఐసీలు (పేరుల 74ఎల్‌ఎస్ అని ఉండే పాత రకం) తీసి హెచ్‌సీ వాటితోని కలపకు, ఎల్‌ఎస్ ఇచ్చే ‘1’ హెచ్‌సీకి సరిపోదు.

పుట్టపాక మగ్గం:

సార్, కోఠికి పోయి ఐసీలు తెచ్చి మీరు చెప్పినట్లే కట్టిన. రెండో మేకు నుంచి అన్ని 4. మొదటి మేకు మీద మాత్రం 16 చుట్లు పడ్డయి! స్టార్ట్ బటన్‌ను క్లియర్ కాలుకు ఇచ్చిన.

పాలమూరు మాస్టారు:

అది నేను చెప్పాల్సింది, మరిచాను. క్లియర్ చేస్తే 0 నుంచి మొదలవుతుంది, 12 నుంచి కాదు. క్లియర్ కాళ్లు పైకి కట్టెయ్. బటన్ నొక్కితే కిందికి పోయేలా చేసి, తిరగేసిన ఆర్‌సీఓతో ఆండ్ చేసి లోడ్‌కు ఇవ్వు. మేకుల కౌంటర్‌కూ అంతే. క్లాక్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి నొక్కగానే లోడ్ అవుతుంది. 74హెచ్‌సీ08లో గేటు ఒకటి మిగులుతుంది, దాని ఇన్‌పుట్‌లు గాలికి వదలక గ్రౌండ్‌కు కట్టు.

పుట్టపాక మగ్గం:

అయింది సార్. మూడు సార్లు నడిపి, 40 మేకులు సూదితో లెక్క పెట్టిన, అన్నిట్ల 4. మూడోసారి అమ్మ పక్కన కూసొని తానే లెక్క పెట్టింది, నా లెక్క నమ్మలే. రిలే డయోడు కూడ పెట్టిన, మిర్యాలగూడ అన్నకు మొక్కులు. రేపు స్విచ్‌లు 1010కి మార్చి 6 పోగుల డిజైన్ వేస్త.