బడుల సంస్కరణకు ఎలాంటి నాయకత్వం కావాలి?

ప్రశ్న (ప్రధానోపాధ్యాయిని, ప్రకాశం జిల్లా):
2022లో జీవో 117 ప్రకారం, కిలోమీటరు లోపున్న ప్రాథమిక పాఠశాలల 3, 4, 5 తరగతులను మా ఉన్నత పాఠశాలలో కలిపినప్పుడు, ఆ పిల్లలకు సబ్జెక్టు టీచర్లు దొరుకుతారని మనస్ఫూర్తిగా నమ్మాను. 2025లో ఆ ఉత్తర్వు రద్దయి, మళ్లీ సర్దుబాట్లు మొదలయ్యాయి. ఈ మార్పుల్లో పిల్లలే నలిగిపోయారు. ఇన్ని వేల బడులున్న రాష్ట్రంలో నిలబడే మార్పు తేవాలంటే పైనున్నవారు ఎలా నడిపించాలి?

సమాధానం (విశ్రాంత మండల విద్యాధికారి):
మేడమ్, ఆ కాలంలోనే మన కళ్లముందు ఇంకో పద్ధతీ నడిచింది. 2019లో ప్రభుత్వ బడుల మరమ్మతులు, వసతుల కోసం మొదలైన నాడు–నేడు పథకం తొలిదశలో 15,715 బడుల పనులకు డబ్బు తల్లిదండ్రుల కమిటీల ఖాతాల్లోనే పడింది. మా మండలంలో కూలికి వెళ్లే ఒక తల్లి, దింపిన టైల్సును ఒక్కొక్కటిగా చూసి, అంచులు విరిగినవాటిని అదే ట్రాక్టరులో వెనక్కి పంపింది. ఆమె మాటకు విలువ ఉందని ఆమెకు తెలుసు. విలీనంలో మాత్రం ఆ తల్లినే ఎవరూ అడగలేదు. దూరం కిలోమీటరు లోపేనని లెక్క తేల్చారు గానీ, మధ్యలో హైవే దాటాలన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

సమాధానం (ఎస్జీటీ, ప్రాథమిక తరగతుల టీచర్):
మాస్టారి మాటను గౌరవిస్తూనే ఒక విషయం విన్నవిస్తాను. కమిటీ గోడ కట్టించగలదు, కానీ చదవడం నేర్పించలేదు. బ్రెజిల్‌లోని సొబ్రాల్ పట్టణంలో 2000 దశకం మొదట్లో పరీక్షించి చూస్తే, రెండో తరగతి పిల్లల్లో దాదాపు సగం మందికి చదవడం రాదని తేలింది. అక్కడి పాలకులు ముందుగా పిల్లలందరికీ చదవడం రావాలన్న ఒక్క లక్ష్యాన్ని పెట్టుకుని, ప్రధానోపాధ్యాయులను రాజకీయ సిఫారసులతో కాక ప్రతిభను బట్టి ఎంపిక చేసి, ఏళ్ల తరబడి అదే దారిలో నడిచారు. ఇక్కడ నా ఉదయమంతా హాజరు, భోజనం వివరాలను యాప్‌లో ఎక్కించడానికే సరిపోతోంది. సిగ్నల్ లేని రోజున మొదటి పీరియడ్ గాలికి పోతుంది. నాయకులు కొత్త పథకం తెచ్చేముందు మా మీదున్న ఒక పనినైనా తగ్గించాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే వచ్చే కాంప్లెక్స్ సమావేశానికి ఫైళ్లు పక్కనపెట్టి, మూడో తరగతి పిల్లలతో ఒక్క పేరా చదివించి ఆ వివరాలు తెమ్మని మా పరిధిలోని బడులను కోరతాను. తల్లులనూ పిలుస్తాను.