ఈఎంటీ ప్రాక్టికల్‌లో అలర్జీ కేసు: 108 అనుభవం ఇక్కడ సరిపోతుందా?

ప్రశ్న, డాలస్ నుంచి: నమస్కారం. గుంటూరు జిల్లాలో 108 అంబులెన్సులో నాలుగేళ్లు పనిచేసి, ఈమధ్యే ఇక్కడికి వచ్చి ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, అంటే అంబులెన్సు వైద్య సిబ్బంది) కోర్సులో చేరాను. వచ్చే వారం ప్రాక్టికల్‌లో తీవ్రమైన అలర్జీ కేసు వచ్చే అవకాశం ఉందంటున్నారు. ఎలా సిద్ధం కావాలో పెద్దలు చెప్పగలరు.

న్యూజెర్సీ నుంచి: తమ్ముడూ, ముందుగా అవిల్‌ను, అంటే ఆ అలర్జీ ఇంజెక్షన్‌ను మరిచిపో. ఊళ్లో దద్దుర్లు చూడగానే మన చెయ్యి దాని మీదికే పోతుంది. ఇక్కడ దద్దుర్లకు తోడు ఆయాసం, గొంతు బిగుసుకోవడం, బీపీ పడిపోవడం వంటివి కనిపిస్తే మొదటి మందు ఎపినెఫ్రిన్, అంటే మన అడ్రినలినే. నేను తప్పింది ఇక్కడే. పరీక్షకురాలు ఒక మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, రొయ్యలు తిన్న కాసేపటికి పెదవులు వాచాయని చెప్పారు. నేను ఏం తిన్నారు, ఏ మందులు వాడతారు, ఇంతకుముందు ఇలా వచ్చిందా అంటూ పాఠం అప్పజెప్పినట్టు అన్నీ అడిగి ముగించేసరికి ఆమె తాపీగా, ‘రోగికి ఇప్పుడు స్పృహ లేదు’ అన్నారు. ఆక్సిజన్ మాస్కు తొడిగాను గాని ‘నిమిషానికి 15 లీటర్లు’ అని పైకి అనలేదు. చుట్టుపక్కల ప్రమాదమేమీ లేదని చూసుకున్నాను గాని అదీ మనసులోనే. పైకి చెప్పనిదానికి మార్కు లేదు.

ఒహాయో నుంచి: ఎపినెఫ్రిన్ నింపి ఉండే పెన్నులాంటి ఇంజెక్టరు సంగతి ఎవరూ చెప్పలేదు. అది ఆ రోగిదేనా, గడువు దాటిందా, మందు తేటగా ఉందా అని పైకి చదవాలి; మెడికల్ కంట్రోల్ (అంబులెన్సు సిబ్బందికి ఆదేశాలిచ్చే డాక్టరు) అనుమతి తీసుకున్నట్టు చెప్పాలి. పెద్దలకు 0.3 మిల్లీగ్రాములు, 15 నుంచి 30 కిలోల పిల్లలకు 0.15. తొడ బయటివైపు మధ్యభాగంలో నిటారుగా నొక్కి, పది అంకెలు లెక్కపెట్టాలి. ప్యాంటు విప్పనక్కరలేదు.

హ్యూస్టన్ నుంచి: అన్నగారూ, పది పాత లెక్క. ఎపిపెన్ అనే బ్రాండు ఇంజెక్టరు లేబుల్‌పై అది మూడు సెకన్లకు మారి ఏళ్లు గడిచాయి.

ఒహాయో నుంచి: నాకు నేర్పినాయన పదే చెప్పారు. ఎక్కువ పట్టుకుంటే మందేమైనా వెనక్కి వస్తుందా?

హ్యూస్టన్ నుంచి: రాదండీ, కానీ మీ గురువుగారు పరీక్షకు రారు. చేతిలోని పరికరంపై ఏం రాసి ఉంటే అదే చేసి, అదే చెప్పాలి. డాలస్ తమ్ముడూ, ఎపిపెన్‌లో నారింజ కొస తొడ వైపు, నీలం మూత పైకి. బొటనవేలు ఏ కొసమీదా పెట్టకు. తిరగేసి పట్టుకుని సొంత వేలికే గుచ్చుకున్నవాళ్లున్నారు.

న్యూజెర్సీ నుంచి: మందు ఇచ్చాక ఊరుకోవద్దు. ఆయాసపడని రోగిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టు, ఒక్కసారిగా లేవనివ్వకు. అయిదు నిమిషాలకు శ్వాస, నాడి, బీపీ మళ్లీ చూసి ఆ అంకెలు వినిపించు. ఇంకొక్క మాట: ‘హైవ్స్’ అంటే మన దద్దుర్లే; ఇంగ్లీషులో తేనెతుట్టెలకూ అదే మాట. నాకది తెలియక, రోగి ఆ మాట అనగానే తేనెతుట్టె ఎక్కడుందని అడిగాను.