74 నిమిషాల ఇంటర్వ్యూలో మాట వెనకబడుతోంది, సింక్ ఎలా సరిచేయాలి?

మొదటి డాక్యుమెంటరీకి అవార్డు వచ్చాక చేస్తున్న రెండో సినిమా ఇది. దీనికి ప్రాణం ఒక పెద్దాయన ఇంటర్వ్యూ. ఆయన ఇప్పుడు లేరు, మళ్లీ తీసే అవకాశం లేదు.

కెమెరా సెకనుకు 25 ఫ్రేములు, ఆడియో విడిగా రికార్డర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. రెండింటికీ టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేముకూ ఉండే సమయ గుర్తు) కలపలేదు, కలపడానికి గుర్తుగా మొదట్లో ఒక్కసారి చప్పట్లు మాత్రమే. 74 నిమిషాల రికార్డింగ్‌ను కెమెరా నాలుగు ఫైళ్లుగా ముక్కలు చేసింది, రికార్డర్‌లో మాత్రం ఒకటే ఫైలు. మొదట్లో సింక్, అంటే బొమ్మా మాటా కలవడం, సరిగ్గా ఉంటుంది. చివరికి వచ్చేసరికి మాట 5 ఫ్రేములు వెనకబడుతోంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ స్నేహితుడి పేరు పలికే చోట పెదాలు ముందు కదులుతాయి, గొంతు తర్వాత వినిపిస్తుంది. సినిమాలో అతి ముఖ్యమైన క్షణం అదే.

ఫ్రేమ్ రేటు మారుతోందేమోనని ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూశాను, స్థిరంగా 25 అనే ఉంది. ఎడిటింగ్ ప్రాజెక్ట్ సెట్టింగ్ కూడా 25. వేవ్‌ఫామ్‌తో (రెండు శబ్దాల తరంగ రూపాలను పోల్చి) ఆటోమేటిక్ సింక్ పనిచేయలేదు, కెమెరా మైకులో ఫ్యాన్ హోరు తప్ప మాట సరిగా లేదు. ఆడియో వేగాన్ని కొద్దిగా పెంచితే మొదలు, చివర కలిశాయి గానీ 40వ నిమిషం దగ్గర ఇంకా 2 ఫ్రేముల తేడా. అంటే సింక్ జారడం మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా లేదు. ఫైళ్లు అతికే చోట ఫ్రేములు పోతున్నాయేమోనని నా అనుమానం.

ఇలాంటిది సరిచేసినవాళ్లు చెప్పండి: ప్రతి అతుకు దగ్గర ఎన్ని ఫ్రేములు పోయాయో కచ్చితంగా ఎలా కనిపెట్టాలి?