వాస్కోడిగామా భారతదేశాన్ని "కనుగొన్నాడా"? మన పిల్లలతో ఏం రాయించాలి?

అలిపిరి వాసి (తిరుపతి)

మా పాప ఏడో తరగతి. మొన్న స్లిప్ టెస్ట్ పేపరు ఇంటికి తెచ్చింది. "భారతదేశాన్ని కనుగొన్నది ________" అని ఒక ఖాళీ ఉంది. పాప అందులో ఏమీ రాయలేదు. పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చీమ తలకాయలంత అక్షరాలతో "ముందే ఉంది కదా మేడం" అని రాసింది. దాని మీద ఎర్ర సిరాతో ఇంటూ, కింద సున్నా.

మార్కు పోయిందని ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. రాత్రి అన్నం తింటూ అడిగింది: "ఆయన రాకముందు కూడా మన కొండకి జనం వస్తా ఉన్నారు కదమ్మా, వాళ్లెవరికీ ఇండియా కనపడలేదా?" పల్లవ రాణి సామవై స్వామికి వెండి విగ్రహం చేయించి ఇచ్చిందని కొండ మీద శాసనం ఉంది. అది వేయించేనాటికి గామా తాతముత్తాతలు కూడా పుట్టలేదు. ఇది తెలిసి కూడా నేను నా బిడ్డకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నేనూ చిన్నప్పుడు ఆ ఖాళీలో గామా పేరే రాసి మార్కు తెచ్చుకున్నదాన్ని.

మా ఆయన "ఒక్క మార్కుకి స్కూలుకు పోయి తగువు పడతావా" అంటున్నారు. నాకు మార్కు గురించి కాదు. "కనుగొన్నాడు" అనే మాటను ఇలా వాడటం సరైనదేనా? చదువుకున్నవాళ్లు చెప్పండి.

గ్రూప్స్ కోచింగ్ (బైరాగిపట్టెడ)

మేడం, పోటీ పరీక్షలకు చరిత్ర చెప్పడమే నా పని. ఆ ప్రశ్న తప్పు. "భారతదేశానికి సముద్రమార్గాన్ని" అని ఉండాలి. ఆ ముక్క మింగేసి పేపరు తయారు చేశారు. పాపకు మార్కు ఇవ్వాల్సిందే.

అయితే "కనుగొన్నాడు" అనే మాటే వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను. ఇప్పుడు ఆ మాట వాడితే ఏదో నేరం చేసినట్టు చూస్తున్నారు, అది బాధగా ఉంది. 1488లో పోర్చుగల్ నావికుడు బార్తలోమ్యూ డయాస్ ఆఫ్రికా కొన దాటి వెనక్కి తిరిగాడు. 1497 జూలైలో గామా నాలుగు ఓడలతో పోర్చుగల్‌లోని లిస్బన్ నుంచి బయలుదేరాడు. అట్లాంటిక్‌లో తీరాన్ని వదిలేసి, నెలల తరబడి నేల కనపడకుండా చుట్టు తిరిగి వచ్చాడు. వెంట వచ్చినవాళ్లలో సగానికి పైగా మళ్లీ ఇల్లు చూడలేదు. స్కర్వీ అనే జబ్బు పట్టి చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి వచ్చేస్తే తిండి కూడా తినలేక చచ్చిపోయారు. 1498 మేలో కోళికోడ్ దగ్గరకు చేరాడు. అంతకుముందు యూరప్ నుంచి ఆఫ్రికా చుట్టూ తిరిగి మన దేశానికి వచ్చిన ఓడ ఒక్కటి చూపించండి. లేనిదాన్ని సాధించినప్పుడు ఆ ఘనత ఇవ్వాలి కదా. తరవాత అతను చేసిన దుర్మార్గాలు వేరే పాఠం. అవీ చెప్పాలి, నేను చెప్తాను.

పులికాట్ గాలి (సూళ్లూరుపేట)

కోచింగ్ సార్, మాది పడవల కుటుంబం. మా నాయన వేటకు పోయేవాడు, నేను చదువుకుని ఒడ్డున పడ్డాను. మీరు లిస్బన్ నుంచి చెప్పారు. ఆఖరి ముక్క నేను చెప్తా, ఎందుకంటే అది గాలికి సంబంధించింది.

ఆఫ్రికా తూర్పు తీరంలో మలింది అని ఊరు. గామా అక్కడికి వచ్చేసరికి ఏప్రిల్. ఇటు రావడానికి దారి తెలియదు. మలింది రాజును అడిగి, దారి చూపే సరంగును ఎక్కించుకున్నాడు. ఆ సరంగు ఎవరనేదాని మీద చరిత్రకారుల్లో ఇప్పటికీ తగువే. కానీ అతను ఉన్నాడు, ఆ దారి తెలిసినవాడు అనేదాని మీద తగువు లేదు. నైరుతి గాలి మొదలయ్యే వేళకు తెరచాప ఎత్తించాడు. 23 రోజుల్లో ఇవతలి తీరం కనపడింది.

ఇప్పుడు తిరుగు ప్రయాణం చూడండి. ఆగస్టు ఆఖరున కోళికోడ్ వదిలాడు. గాలి ఇంకా ఆఫ్రికా వైపు తిరగలేదు. మన తీరం మీద పోయే చిన్న పిల్లవాడిని అడిగినా ఇంకో రెండు నెలలు ఆగమనేవాడు. ఆగలేదు. అదే సముద్రం దాటడానికి మూడు నెలలకు మూడు రోజులు తక్కువ పట్టిందని అతని ఓడలోనివాడే రాసుకున్నాడు. మీరు చెప్పిన స్కర్వీ చావుల్లో చాలా అప్పుడు జరిగినవే. ఆ దాటుడులో ముప్పైమంది దాకా పోయారు. చివరికి ఓడ నడపడానికి మనుషులు చాలక ఒక ఓడకు నిప్పు పెట్టి తగలబెట్టుకున్నారు.

పోయేటప్పుడు 23 రోజులు, వచ్చేటప్పుడు మూడు నెలలు. గాలి ఎప్పుడు తిరుగుతుందో తెలిసినవాడు ఓడలో ఉండటానికీ, లేకపోవడానికీ తేడా అది. ఆ తెలిసినవాడి పేరు పాఠంలో లేదు. నా బాధ ఇదొక్కటే.

గ్రూప్స్ కోచింగ్ (బైరాగిపట్టెడ)

అన్నా, మూడు నెలల లెక్క నాకు తెలుసు గానీ మీరు చెప్పిన కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఇకనుంచి క్లాసులో చెప్తాను.

అయినా నా మాట మీద ఉన్నాను. మలింది సరంగుకు ఇవతలి సగం తెలుసు. లిస్బన్ తెలియదు. రెండు సగాలనూ కలిపినవాడు గామానే.

తెలుగు అయ్యవారు (చిత్తూరు)

ఇద్దరికీ నమస్కారం. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. చరిత్రలో మీ అంత తెలియదు కానీ, తగువంతా ఒక తెలుగు మాట మీద జరుగుతున్నప్పుడు ఊరుకోలేను.

"కనుగొను" అంటే కను, కొను. కనడం అంటే చూడటం. పక్కన "కొను" చేరితే తనకోసం తాను చేసే పని అవుతుంది. చేస్తే చేయడం, తనకోసం అయితే చేసుకోవడం. వండితే వండటం, తనకోసం వండుకోవడం. ఆ లెక్కన "కనుగొన్నాడు" అంటే తనకోసం తాను చూసుకున్నాడు అని. అంతకుముందు ఎవరూ చూడలేదనే అర్థం ఆ మాటలో లేదు. మనమే దాన్ని తర్వాత ఎక్కించాం. పోర్చుగీసువాళ్ల కోసం గామా ఒక దారి చూసుకున్నాడంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఎవరికోసం అనేది వాక్యంలో ఉండాలి. ఖాళీలు పూరించే ప్రశ్నలో అది ఎగిరిపోతుంది.

ఇంకో సంగతి. మన చిత్తూరు జిల్లాలో "కనుక్కోవడం" అంటే ఏమిటి? "బస్సు ఎన్నింటికో కనుక్కొని రా" అని పిల్లవాణ్ణి పంపిస్తాం. అంటే తెలిసినవాళ్లను అడిగి తెలుసుకొని రమ్మని. మలిందిలో గామా చేసింది అచ్చంగా అదే. పుస్తకాల్లో "కనుగొన్నాడు" తీసేసి "కనుక్కున్నాడు" అని రాస్తే సరంగు కూడా ఆ వాక్యంలోకి వచ్చేస్తాడు.

మనిషి కాపురమే లేని చోటు ఉంటే అది వేరు. 1820లో అంటార్కిటికా మంచు మొదటిసారి ఓడవాళ్ల కంటపడింది. అక్కడ "ముందే చూశాం" అనేవాళ్లు లేరు. అక్కడ "కనుగొన్నారు" అని నిండుగా రాసుకోవచ్చు.

అలిపిరి వాసి (తిరుపతి)

అయ్యవారూ, పాపకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

భాకరాపేట ఘాటు

అందరూ సరంగు వైపు మాట్లాడుతున్నారు. నేను కొంచెం కోచింగ్ సార్ వైపు మాట్లాడతాను. దూరం పోనక్కర్లేదు, పక్కన కడప జిల్లా చాలు.

కలివికోడి పేరు వినే ఉంటారు. కలివి పొదల్లో రాత్రిపూట తిరిగే పిట్ట. పగలు ముళ్లకంప నీడలో కదలకుండా ఉంటుంది, పక్కనే నడిచిపోయినా తెలియదు. 1848లో తెల్లవాళ్లు దాన్ని పుస్తకంలోకి ఎక్కించి జెర్డన్ పేరు పెట్టారు. 1900 తరవాత మళ్లీ ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందని రాసేశారు. 1986 జనవరిలో భరత్ భూషణ్ అనే పక్షి శాస్త్రవేత్త సిద్ధవటం వైపు అడవుల్లో మళ్లీ కనుగొన్నాడని పేపర్లలో పడింది. పెద్ద పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కూడా వచ్చారు.

నిజానికి పిట్టను పట్టింది ఆ ఊరి వేటగాడు, పేరు ఐతన్న. రాత్రి టార్చి వెలుగులో పట్టుకున్నాడు. ప్రపంచమంతా లేదనుకున్న పిట్ట ఆ చుట్టుపక్కల వాళ్లకు ఎప్పుడూ పోలేదు. దానికి తెలుగులో పేరు ఉంది కదా, లేని పిట్టకు పేరు ఎవరు పెడతారు?

ఇంతవరకూ మీ అందరి మాటే నా మాట. ఇక్కడినుంచి వేరు. ఐతన్నకు తెలిసింది ఐతన్న దగ్గరే ఉండిపోయి ఉంటే ఏమయ్యేది? ఆ పిట్ట కాగితం మీదికి ఎక్కింది కాబట్టి లంకమల అభయారణ్యం అయింది. తరవాత తెలుగుగంగ కాలువ ఆ పిట్ట తిరిగే పొదల మీదుగా తవ్వబోతే, కాగితం మీద ఉంది కాబట్టే కాలువ దారి మార్చారు. దాని జాడ కోసం అడవిలో సన్నటి ఇసుక పరిచి, తెల్లారి వెళ్లి ఆ ఇసుకలో కాలి గుర్తులు వెతికేవాళ్లు. ఓపికగా చూసి, రాసి, నలుగురికీ అందేలా పెట్టడం చిన్న పని కాదు. ఊరివాళ్లకు ముందే తెలుసు అని ఒక్క మాటతో ఆ పనిని కొట్టేయకూడదు.

రెండు పేర్లూ ఒకే వాక్యంలో రాయాలి. నేను అడిగేది అంతే.

మదనపల్లె మార్కెట్

భాకరాపేట అన్నా, కాగితం మీదికి ఎక్కించేటప్పుడు పేరు మార్చేస్తారు, దాని సంగతేంటి?

మా దగ్గర కొండ ఉంది. మా అవ్వ బతికున్నన్నాళ్లూ ఏనుగు మల్లమ్మ కొండ అనే అనేది. ఏనుగులు పెంచిన మల్లమ్మ అనే పిల్ల కొండ మీద ఉండేదని, జబ్బు చేసినవాళ్లకు మందిచ్చేదని, ఒకరోజు కనపడకుండా పోయిందని కథ. గుడి కూడా ఉంది. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ ఎండాకాలం చల్లగా ఉంటుందని అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు బస్సు బోర్డు మీద, హోటల్ బిల్లు మీద, మా పిల్లల నోట్లో అన్నిచోట్లా హార్స్‌లీ హిల్సే.

కొలంబస్ కూడా 1492 అక్టోబరు 12న దిగిన దీవిని అక్కడివాళ్లు గ్వానహాని అంటున్నారని తెలిసి కూడా శాన్ సాల్వడోర్ అని పేరు మార్చాడు. తాను ఆసియా చేరాననుకుని అక్కడి జనాన్ని ఇండియన్లన్నాడు. ఆయన తప్పుకు వాళ్లు వందల ఏళ్లు మన పేరు మోశారు.

ఎస్వీయూ హాస్టల్

చరిత్రలో పీజీ చేస్తున్నాను. పెద్దవాళ్లంతా మాట్లాడుతున్నారు, నాకు ఒక సందేహం.

1860ల్లో బ్రిటిష్ సర్వేవాళ్లు కుమావూ నుంచి నయన్ సింగ్ రావత్‌ను టిబెట్ పంపారు. తెల్లవాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి మారువేషంలో పంపారు. అడుగు ఎప్పుడూ ఒకే కొలతలో వేయడం నేర్పారు. జపమాలలో 108 పూసలకు బదులు 100 పూసలు పెట్టారు. వంద అడుగులకు ఒక పూస జరపాలి. ప్రార్థన చక్రంలో మంత్రం కాగితం ఉండాల్సిన చోట కొలతల కాగితం దాచాడు. అలా అడుగులు లెక్కపెట్టుకుంటూ టిబెట్ ముఖ్యపట్టణం లాసా దాకా పోయి వచ్చాడు. తరవాత లండన్ భౌగోళిక సంఘం ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.

ఆయన గురించి చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది, మనవాడు అనిపించింది. కానీ లాసాలోవాళ్ల వైపు నుంచి చూస్తే? వాళ్ల ఊరు వాళ్లకు ఎప్పుడూ తప్పిపోలేదు. గామా విషయంలో కోపం వచ్చి, నయన్ సింగ్ విషయంలో గర్వం వస్తే, నేను మాట గురించి వాదిస్తున్నానా, మనవాళ్లు కాబట్టి వాదిస్తున్నానా? రెండు రోజులుగా ఇదే ఆలోచన.

పులికాట్ గాలి (సూళ్లూరుపేట)

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. నయన్ సింగ్ కూడా టిబెట్‌ను కనుగొనలేదు, కొలిచాడు. అలా రాస్తే ఆయన గొప్పతనం ఏమీ తగ్గదు. అన్ని వేల అడుగులు లెక్కతప్పకుండా నడవడం ఎవరివల్ల అవుతుంది?

గ్రూప్స్ కోచింగ్ (బైరాగిపట్టెడ)

అయ్యవారి "కనుక్కున్నాడు" నాకు నచ్చింది కానీ పరీక్షలో రాయమని చెప్పలేను, మా పిల్లలకు ఉద్యోగాలు రావాలి. "ఐరోపా నుంచి భారతదేశానికి సముద్రమార్గాన్ని కనుగొన్నాడు" అనే పూర్తి వాక్యం దగ్గర నేను ఆగుతాను. "ఐరోపా నుంచి" అన్నదాన్ని మాత్రం ఇకమీదట ఒక్కరినీ వదలనివ్వను. మలింది కూడా చెప్తాను. మేడం, స్కూల్లో మాట్లాడేటప్పుడు గట్టిగా కాకుండా మెల్లగా మాట్లాడండి, పేపరు తయారు చేసిన టీచరుకు రోజుకు ఏడు పీరియడ్లు ఉండి ఉంటాయి.

అలిపిరి వాసి (తిరుపతి)

ఈరోజు వెళ్లొచ్చాను. కోచింగ్ సార్ చెప్పినట్టే మెల్లగానే అడిగాను. మేడం చిన్నవయసు అమ్మాయి. పేపరు చూసి, "పాత గైడులోంచి తీశానండీ, నేనూ అలాగే చదువుకున్నాను" అంది. ఆ మాట నాకు సూటిగా తగిలింది, నేనూ అంతే కాబట్టి. మార్కు మార్చడానికి పై వాళ్లను అడగాలట. మారుతుందో లేదో తెలియదు.

మీరంతా రాసినవి చదివాక గుర్తొచ్చిన ఒక సంగతి చెప్పాను. కోళికోడ్‌లో గామా మొదట తాను దిగకుండా ఒక ఖైదీని ఒడ్డుకు పంపాడని నేను ఎక్కడో చదివాను. ఆ ఖైదీకి ఎదురుపడింది ట్యూనిస్ నుంచి వచ్చిన ఇద్దరు ముస్లిం వర్తకులు. వాళ్లకు స్పెయిన్ భాష వచ్చు. "నిన్ను దయ్యం ఎత్తుకుపోనూ, ఇక్కడికెందుకొచ్చావు?" అని ఆ భాషలోనే పలకరించారు. కనుగొన్నామనుకున్న ఒడ్డున ముందే తమ పొరుగు భాష మాట్లాడేవాళ్లు నిలబడి ఉన్నారు. మేడం నవ్వి, ఇది రేపు క్లాసులో చెప్తానంది.

ఇంటికొచ్చాక పాప మ్యాప్ పుస్తకం తెరిచి మలింది ఎక్కడుందో వెతుకుతోంది. కెన్యా అని చెప్పాను. సరంగు ఇంటికి తిరిగి ఎలా వెళ్లాడమ్మా అని అడుగుతోంది. పులికాట్ అన్నా, దీనికి జవాబు మీరే చెప్పాలి. అప్పటికి గాలి ఎటు ఉంటుంది?