కూలీల పేర్లతో లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లు పెడితే బండల సైట్ గూగుల్‌లో పైకొస్తుందా?

తాడిపత్రి నల్లబండ

మాది తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ. నాన్న పెట్టింది, ఇప్పుడు లెక్కాపత్రం నేను చూస్తున్నా. పోయిన ఏడాది వెబ్‌సైట్ చేయించాం. మా కంపెనీ పేరు కొడితే వస్తుంది. 'కడప స్టోన్ సప్లయర్' అని కొడితే మాత్రం ఎన్ని పేజీలు తిప్పినా మేం కనపడం. అన్నీ మధ్యవర్తుల సైట్లే. మా బండే వాళ్ల ఫొటోల్లో ఉంటుంది, ఫోన్ నంబరు మాత్రం వాళ్లది.

అనంతపురంలో ఒక డిజిటల్ మార్కెటింగ్ ఆయన్ని కలిశాం. ఫ్యాక్టరీలో పనిచేసే ముప్పై మంది పేర్లతో లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లు తెరవాలట, ప్రతి దాంట్లో మా సైట్ లింక్ పెట్టాలట, వారానికొక పోస్టు వేయాలట. మూడు నెలల్లో మొదటి పేజీ ఖాయం అంటున్నాడు. 40 వేలు అడిగాడు. మా వాళ్లలో సగం మందికి వాట్సాప్ తప్ప వేరేది తెలీదు. ఇది నిజంగా పనిచేస్తుందా?

కోర్టు రోడ్డు డిజిటల్

మీరు కలిసింది నన్ను కాదు గానీ నేనూ ఇదే లైన్‌లో ఉన్నా, కాబట్టి చెప్తా. పనిచేస్తుంది. లింక్డ్‌ఇన్ 2003 నుంచి ఉన్న సైట్. 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లకు కొన్నది. గూగుల్‌కు దాని మీద ఎంత గురి ఉందో తెలియాలంటే లింక్డ్‌ఇన్‌లో ఉన్న మీ ఫ్రెండ్ ఎవరి పేరైనా వెతకండి, చాలాసార్లు ఆ ప్రొఫైలే పైన వస్తుంది. అంత డొమైన్ అథారిటీ (సైట్‌కున్న పరపతికి వేసే మార్కు) ఉన్న చోటు నుంచి ముప్పై లింకులు అంటే మాటలు కాదు. రేటు కూడా ఏమంత ఎక్కువ కాదు, ముప్పై ప్రొఫైళ్లకు పోస్టులు రాయడం ఎంత పనో చేసేవాడికే తెలుసు.

పాత కోడ్

పనిచేయదు. నేను కడపవాణ్ణి, బెంగళూరులో చాలాకాలం వెబ్ పనే చేసి వచ్చాను. ఎందుకు పనిచేయదో చెప్తా, నల్లబండ అన్నా, కొంచెం ఓపిగ్గా చదువు.

ఒక సైట్ ఇంకో సైట్‌కు లింక్ ఇస్తే గూగుల్ దాన్ని ఓటులాగా లెక్కేస్తుంది, పేజ్‌ర్యాంక్ అనే గూగుల్ లెక్క అక్కడే మొదలైంది. దాంతో జనం బ్లాగుల కింద కామెంట్లలో లింకులు కుప్పలు పోశారు. అది ఆపడానికి 2005లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంఎస్‌ఎన్ కలిసి 'నోఫాలో' అనే గుర్తు తెచ్చాయి. ఆ గుర్తున్న లింకును మేం సిఫారసు చేయట్లేదు అని సైట్ ముందే చెప్పేసినట్టు. లింక్డ్‌ఇన్‌లో వ్యాసం రాసి మీ లింక్ పెడితే దానికి ఈ గుర్తు పడుతుంది. మామూలు పోస్టులో పెడితే లింకును తన పొట్టి చిరునామాలోకి మార్చి, దారి మళ్లించి పంపుతుంది. పైగా లాగిన్ కాకుండా ప్రొఫైల్ తెరిచి చూడు, సగం చోట్ల 'ముందు లోపలికి రండి' అని అడ్డం పడుతుంది. గూగుల్ చూసేది ఆ బయటి ముక్కనే.

ఇక డొమైన్ అథారిటీ. అది మోజ్ అనే ఇంకో కంపెనీ కట్టిన లెక్క. గూగుల్ దాన్ని వాడదు. కలెక్టరాఫీసు గోడకు మన పాంప్లెట్ అంటిస్తే అది కలెక్టర్ సిఫారసు అవుతుందా?

కోర్టు రోడ్డు డిజిటల్

మీ సమాచారం పాతబడింది సార్. 2019 సెప్టెంబరులో గూగుల్ మాట మార్చింది. నోఫాలో ఇకమీదట ఆజ్ఞ కాదు, సూచన మాత్రమే అంది. అంటే తల్చుకుంటే లెక్కలోకి తీసుకోవచ్చు. మా క్లయింట్ల సెర్చ్ కన్సోల్‌లో (సైట్ ఓనర్లకు గూగుల్ ఇచ్చే టూల్) లింకుల రిపోర్టు తెరిస్తే లింక్డ్‌ఇన్ పేరు కనపడుతుంది. లెక్కలోకి రాకపోతే గూగుల్ ఎందుకు చూపిస్తుంది?

పాత కోడ్

సూచన అన్న మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ 'తీసుకోవచ్చు' అన్నదాన్ని 'మూడు నెలల్లో మొదటి పేజీ' అని అమ్మడం ఏంటి? సెర్చ్ కన్సోల్ రిపోర్టు అయితే నోఫాలో లింకుల్ని కూడా చూపిస్తుంది. అందులో పేరుంటే గూగుల్ ఆ లింకును చూసిందని అర్థం, మార్కులు వేసిందని కాదు. క్లయింట్లకు ఈ స్క్రీన్‌షాటే చూపించి బిల్లు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీ గురించి అనట్లేదు.

ఇంకో మాట. 2012లో గూగుల్ ర్యాంకింగ్ పద్ధతిలో పెంగ్విన్ అనే మార్పు వచ్చినప్పుడు ఇలాంటి కొనుక్కున్న లింకులకు సైట్లు పడిపోయాయి. 2016 తర్వాత పద్ధతి మారింది, ఎక్కువగా ఆ లింకుల్ని పట్టించుకోకుండా వదిలేస్తోంది. కాబట్టి నల్లబండ అన్న సైట్ మునిగిపోతుందని భయపెట్టను. 40 వేలు పోతాయి, అంతే.

ఎర్రగుంట్ల ఎగుమతి

ఇద్దరూ ర్యాంకింగ్ దగ్గరే కొట్టుకుంటున్నారు. నేను బండల ఎగుమతి కాగితాలు చూస్తాను, కొనేవాళ్లు ఏం చేస్తారో రోజూ చూస్తున్నా. దుబాయ్‌లోనో యూరప్‌లోనో ఉన్న మనిషి అడ్వాన్స్ వేసే ముందు 'కడప స్టోన్' అని వెతకడు, అప్పటికే వెతికేసి ఉంటాడు. కొటేషన్ మీద సంతకం పెట్టిన మనిషి పేరు వెతుకుతాడు. అక్కడ పైన వచ్చేది లింక్డ్‌ఇన్. అందులో ఓనర్ ఫొటో, ఎప్పటినుంచి ఈ వ్యాపారంలో ఉన్నాడు, ఫ్యాక్టరీ ఎక్కడ, ఇవి కనపడితే ఫోన్లో మాట తీరు మారుతుంది. ఏమీ లేకపోతే జీఎస్‌టీ కాగితం పంపు, ఫ్యాక్టరీ వీడియో పంపు, మళ్లీ ఇంకోటి పంపు అని సాగదీస్తారు.

కాబట్టి తమ్ముడూ, నువ్వొకటి, నాన్నగారిదొకటి, కంపెనీ పేజీ ఒకటి. మూడు చాలు. పేరు, చిరునామా, ఫోను సైట్‌లో ఎలా ఉన్నాయో అక్కడా అలాగే ఉండాలి. ముప్పై ప్రొఫైళ్లు చూస్తే నాకే అనుమానం వస్తుంది. తాడిపత్రి పాలిష్ యూనిట్‌లో ముప్పై మంది 'సీనియర్ మేనేజర్లు' ఎక్కడినుంచి వస్తారు?

గ్రైండర్ దగ్గర

ఎర్రగుంట్ల మేడమ్ చెప్పినట్టు ఆ ముప్పై మందిలో నేనొకణ్ణి. ఈ ఫ్యాక్టరీ కాదు, వేరే చోట. టీ టైమ్‌లో ఒకాయన వచ్చి ఫోన్ అడిగి, ఓటీపీ చెప్పమన్నాడు. ఓనర్ పంపించాడంటే చెప్పాం. నన్ను 'క్వాలిటీ కంట్రోల్ మేనేజర్' చేశారు. ఇంగ్లీషులో పోస్టులు నా పేరు మీద పోతున్నాయి, అందులో ఏముందో నాకు తెలీదు. తర్వాత నేను ఐటీఐ సర్టిఫికెట్‌తో ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగానికి పోతే అక్కడి హెచ్‌ఆర్ నా పేరు వెతికాడు. మేనేజర్‌గా చేసినవాడివి హెల్పర్ పోస్టుకు ఎందుకొచ్చావ్, దరఖాస్తులో ఎందుకు రాయలేదు అని అడిగాడు. ఏం చెప్పాలి? పాస్‌వర్డ్ కూడా నా దగ్గర లేదు. ర్యాంకింగ్ మీది, పేరు మాది.

కోర్టు రోడ్డు డిజిటల్

అది తప్పు, నేను అలా చేయను. మనిషి ఒప్పుకోకుండా ఖాతా తెరవడం లింక్డ్‌ఇన్ నిబంధనలకే విరుద్ధం. అసలు పేరు, నిజమైన వివరాలు, మనిషికి ఒకే ఖాతా అని అందులోనే ఉంది. కానీ చెడ్డగా చేసేవాళ్లున్నారని పద్ధతే చెడ్డదంటే ఎలా? ఒప్పుకున్న ఐదుగురు సేల్స్‌వాళ్లతో చేయించండి. వాళ్ల పోస్టు చూసి ఎవరో ఆర్కిటెక్ట్ తన సైట్‌లో మీ గురించి రాస్తే, ఆ లింకు నికార్సైనదే కదా.

పాత కోడ్

ఆ ఆర్కిటెక్ట్ లింకుకు విలువుంది, కాదనను. కానీ అది ప్రచారం. బిల్లులో కూడా ప్రచారం అనే రాయండి. గూగుల్‌లో స్పామ్ విభాగం చూసిన మాట్ కట్స్ 2014లోనే చెప్పాడు, ఫేస్‌బుక్ లైకులు, ట్విట్టర్ ఫాలోయర్ల సంఖ్య ర్యాంకింగ్‌లో వాడట్లేదని. లింక్డ్‌ఇన్ లైకులకు ప్రత్యేక మర్యాద ఉంటుందని ఎందుకనుకోవాలి?

నల్లబండ అన్నా, ఇందాక వేరే ఊరి ఫ్రెండ్‌తో నీ సైట్ తెరిపించి చూశా (పేరు కొడితే వస్తుందన్నావుగా, వచ్చింది). మొదటి పేజీలో 'నాణ్యతే మా ఊపిరి', రెండో పేజీలో నాన్నగారి ఫొటో, మూడోది కాంటాక్ట్. బండ గురించి ఒక్క ముక్క లేదు. ఇంకోటి, కడప జిల్లా పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ 2005లో Cuddapah నుంచి Kadapaగా మారింది గానీ చెన్నైలో, బయట దేశాల్లో ఇప్పటికీ పాత స్పెల్లింగ్‌తో వెతికేవాళ్లున్నారు. నీ సైట్‌లో అది ఎక్కడా లేదు. మేడమ్ చెప్పిన కంపెనీ పేజీ చేశాక, దాని చిరునామాను సైట్ కోడ్‌లో 'సేమ్‌యాజ్' అని ఒక వరుస రాస్తే ఈ రెండూ ఒకే సంస్థవని గూగుల్‌కు తెలుస్తుంది. పది నిమిషాల పని, దానికి డబ్బులు అడిగితే ఇవ్వొద్దు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా ఉచితమే. అయితే అందులో దూరం లెక్కలోకి వస్తుంది, చెన్నైలో కూర్చుని వెతికేవాడికి తాడిపత్రి ఫ్యాక్టరీ మ్యాప్‌లో పైన రాదు. దానికి సైట్‌లో రాతే దిక్కు.

తాడిపత్రి నల్లబండ

అందరికీ థాంక్స్. గ్రైండర్ అన్న రాసింది నాన్నకు చదివి వినిపించా. 'మన పిల్లోళ్ల పేర్లు ముట్టుకోవద్దు' అన్నాడు, ఆ సంగతి అయిపోయింది. కంపెనీ పేజీ, మా ఇద్దరి ప్రొఫైళ్లు నేనే చేస్తా. సైట్‌లో ఏం రాయాలో మాత్రం తోచట్లేదు. బండ గురించి రాయడానికి ఏముంటుంది, నల్లగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది.

కర్నూలు మేస్త్రి

అన్నా, నాకు వంటింటి అరలకు కావాలి. అడుగున్నర వెడల్పు, 20 ఎంఎం మందం, రెండు వైపులా పాలిష్ ఉందా? అంచు మెషిన్ కటింగా? కర్నూలుకు లారీలో వేస్తే దారిలో పగిలినవి ఎవరి లెక్క? సైట్ అంతా వెతికా, ఇవేవీ లేవు.

తాడిపత్రి నల్లబండ

ఉంది అన్నా. మెషిన్ కటింగే. పగిలినవి దించేటప్పుడే ఫొటో తీసి పంపితే మాదే లెక్క. రెండు వైపులా పాలిష్ అంటే రేటు వేరే ఉంటుంది, పొడవెంతో చెప్పు, ఫోన్ చేస్తా.

పాత కోడ్

ఫోన్ తర్వాత చేద్దువు గానీ, ఈ నాలుగు ముక్కలూ ముందు సైట్‌లో ఎక్కించు.